నేను ప్రసాదం మాత్రమే అడిగాను

పిల్లల మానసిక ఆరోగ్యం చదువుకుని ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "పదకొండేళ్ళు చేశారు కదా మేడమ్, మాకేమైనా చెప్పండి" అంటారు. కాఫీ ఇచ్చి, అవీ ఇవీ మాట్లాడి పంపించేస్తుంటాను. పుస్తకాల్లో ఉన్నది వాళ్ళకు నాకంటే బాగా వచ్చు. చెప్పవలసింది వేరే ఒకటుంది, అది ఎదురుగా కూర్చుని చెప్పడానికి నాకు నోరు రాదు. అందుకని రాస్తున్నాను.

ఆ పదకొండేళ్ళూ నేను భయపడుతూ పనిచేశాను. ఏ పిల్ల తలుపు తోసుకుని లోపలికి వచ్చినా నా అరచేతులకు చెమట పట్టేది. కొంగుకు తుడుచుకుని, "రా అమ్మా, కూర్చో" అనేదాన్ని. పైకి చాలా నెమ్మదిగా కనిపించేదాన్నట, నాతో పనిచేసినవాళ్ళు ఇప్పటికీ అంటారు. ఆ భయం నాకు చదువుకున్నాక వచ్చింది కాదు. అది వచ్చాకే చదువుకోవడానికి వెళ్ళాను.

పేరు మీద వేలు

అంతకుముందు ఇరవై మూడేళ్ళు చిత్తూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. నేను వరండాలో నడుస్తుంటే పక్క క్లాసు కూడా నోరు మూసుకునేది. దానికి నేను మురిసిపోయేదాన్ని, అబద్ధం ఎందుకు చెప్పాలి?

నాకొక పద్ధతి ఉండేది. క్లాసులోకి రాగానే హాజరు రిజిస్టరు తెరిచి, కళ్ళు మూసుకుని ఏదో ఒక పేరు మీద వేలు పెట్టేదాన్ని. ఆ పేరుగలవాళ్ళు లేచి వచ్చి బోర్డు మీద లెక్క చెయ్యాలి. తప్పితే గంట కొట్టేదాకా బోర్డు పక్కనే నిలబడాలి. నేను కళ్ళు మూసుకున్న ఆ కాసేపూ క్లాసులో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. అంత శ్రద్ధగా ఉన్నారనుకునేదాన్ని.

హేమ మూడో బెంచీలో కిటికీ పక్కన కూర్చునేది. వాళ్ళ నాయనకు బజారు వీధిలో గాజుల అంగడి. రెండు జడలు, వాటిలో కనకాంబరాలు, ఎప్పుడూ తొంభైకి తగ్గని మార్కులు. మార్కులు వచ్చే పిల్ల గురించి టీచర్లెవరూ ఆలోచించరు. నేనూ ఆలోచించలేదు.

తొమ్మిదో తరగతిలో దసరా సెలవులయ్యాక గుండుతో వచ్చింది. మా వైపు గుండు ఒక వింత కాదు. కొండకు పోయి తలనీలాలు ఇచ్చి వచ్చారని చూడగానే తెలిసిపోతుంది. ఎవరూ ఎందుకని అడగరు. అడిగేది ఒకటే. నేనూ అదే అడిగాను.

"ఏం హేమా, మొక్కు తీర్చుకొని వచ్చినావా? ప్రసాదం యాడ?"

పిల్ల తల వంచుకుంది. "రేపు తెస్తాను మేడమ్" అంది. మరుసటి రోజు కాగితంలో చుట్టిన లడ్డు తెచ్చింది. స్టాఫ్ రూములో అందరం కళ్ళకద్దుకుని తలా ఇంత తిన్నాం.

పదో తరగతిలో అడుగుపెట్టేసరికి జుట్టు చెవుల దాకా పెరిగింది. జులైలో మళ్ళీ గుండు. మళ్ళీ అదే అడిగాను, మళ్ళీ లడ్డు వచ్చింది. ఈసారి నోట్లో పెట్టుకోగానే తేడా తెలిసింది. పచ్చకర్పూరం వాసన లేదు. కొండ లడ్డు పుట్టినప్పటి నుంచీ తింటున్నదాన్ని, ఇది ఏదో మిఠాయి అంగడిలో కొన్నదని నాలుక మీద పెట్టగానే తెలిసిపోయింది. పాపం, అక్కడ దొరకలేదేమో అనుకున్నాను. తెలిసీ తినేశాను. నేను చేసిన తప్పుల్లో నన్ను ఎక్కువగా భయపెట్టేది అదే. ఆ పిల్ల నాకు అబద్ధం చెబుతోందని తెలిసింది, ఎందుకు చెబుతోందో అడగాలని తోచలేదు.

మధ్యాహ్నం క్యారియరు తెరిచేది కాదని, కడుపునొప్పి అని బల్ల మీద తల పెట్టుకుని పడుకునేదని తోటి పిల్లలు చెప్పారు. ఆడపిల్లల కడుపునొప్పికి మేము ఇచ్చే సమాధానం తెలిసిందే. ఒక మాత్ర ఇచ్చి పడుకోమన్నాను.

అర్ధ సంవత్సర పరీక్షలయ్యాక వాళ్ళమ్మ టీసీ కోసం వచ్చింది. వెనక హేమ, మూడోసారి గుండుతో.

"ఇంగ సదువు సాలు మేడమ్. బిడ్డకి కడుపునొప్పి తగ్గేలాగ లేదు. ఏం తిన్నా కక్కేస్తా ఉండాది."

"ఇంకొక్క మూడు నెలలే కదమ్మా. పరీక్షలు రాసేస్తే అయిపోతుంది" అన్నాను.

"బతికుంటే గదా మేడమ్ రాసేది" అంది వాళ్ళమ్మ.

తల్లులు కోపంలో అనే మాట అనుకున్నాను. హేమ నావైపు చూడలేదు. ఆ పిల్లను నేను ఆ స్కూల్లో చూడడం అదే ఆఖరు.

బెంచీ కింద

వారం తర్వాత మా స్కూలు ఆయా నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి చెప్పింది.

"మేడమ్, ఆ పిల్ల కూసునే బెంచీ కింద రోజూ యెంటికలు ఊడస్తా ఉండినాను. సిక్కు యెంటికలు కాదు, ఒక్కొక్కటీ కుదుళ్ళతో పీకినట్ల. ఇంతింత సుట్టి బల్ల సందులో పెట్టినారు. ఎవురో సేతబడి సేసినారనుకొని బయపడి సెప్పలేదు. ఇప్పుడు ఆ పిల్ల లేదు, యెంటికలూ లేవు."

వెళ్ళి చూశాను. బల్ల సందులో ఇంకా రెండు చుట్టలు మిగిలి ఉన్నాయి. మా హెడ్మిస్ట్రెస్‌కు చూపించాను. ఆవిడ చెడ్డ మనిషి కాదు, కానీ ఆవిడకు అన్నింటికంటే ముందు గుర్తొచ్చేది జూన్‌లో అడ్మిషన్లు. "ఈ మాట గేటు దాటకూడదు" అంది. ఆదివారం గది కడిగించి, పసుపునీళ్ళు చల్లించి, గుమ్మానికి నిమ్మకాయ కోసి పెట్టించింది. ఆ నిమ్మకాయ కోసింది నేను. డిగ్రీ ఉన్నదాన్ని, ఇరవయ్యేళ్ళుగా పిల్లలకు రుజువులు నేర్పినదాన్ని, కుంకుమ అద్ది గుమ్మానికి రెండు వైపులా పెట్టాను.

ఆ తర్వాత రిజిస్టరు తెరిచి కళ్ళు మూసుకోవడం నా వల్ల కాలేదు. మూసుకుంటే ఆ వెంట్రుకల చుట్టలు కనిపించేవి. ఆ పిల్లకు ఏమైందో నాకు తెలియదు. తెలియకపోవడంలో నా పాలు ఎంతో ఉందని మాత్రం లోపల ఏదో చెబుతూనే ఉంది. రెండేళ్ళు అలా నెట్టుకొచ్చి, నలభై తొమ్మిదో ఏట రాజీనామా ఇచ్చి, తిరుపతిలో విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం పీజీకి దరఖాస్తు పెట్టాను. పిల్లల మానసిక ఆరోగ్యం అందులో ప్రత్యేక విషయంగా ఉండేది.

మా ఆయనకు చిత్తూరులో బెల్లం మండీ. దరఖాస్తు చూసి తల గోక్కున్నాడు. "ఈ వయసులో నీకు సదువేమిటికి? పిల్లోళ్ళ మనసు తెలుసుకునేదానికి యూనివర్సిటీకే పోవల్నా?" అన్నాడు. అయినా మొదటి రోజు టిఫిన్ డబ్బా తనే కట్టి ఇచ్చి, స్టేషన్లో దింపి, బండి కదిలేదాకా నిలబడ్డాడు.

మళ్ళీ విద్యార్థిని

అడ్మిషన్ల గదిలో గుమాస్తా నా కాగితాలు తీసుకుని నా వెనక్కి తొంగి చూశాడు. "పాప యాడమ్మా? సంతకం పాపే పెట్టల్ల" అన్నాడు. పాపను నేనే అంటే నవ్వుకుని, తర్వాత నన్ను చూసి నవ్వు ఆపుకున్నాడు.

చదువు నన్ను చాలా భయపెట్టింది. పాకాలలో బండి ఆగినప్పుడల్లా దిగి చిత్తూరు బండి ఎక్కేద్దామా అనిపించేది. క్లాసులో ఉన్నవాళ్ళంతా ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ పిల్లలు. నేను ఒక పేజీ చదివేలోపు వాళ్ళు పాఠం ముగించేవాళ్ళు. వెనక బెంచీలో కూర్చుని, ప్రొఫెసర్ నన్ను లేపకుంటే చాలని మొక్కుకునేదాన్ని. ఇరవై మూడేళ్ళు నేను పిల్లలకు పెట్టిన భయం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. నోరు ఎండిపోతుంది. వచ్చిన జవాబు కూడా రాదు.

మా ప్రొఫెసర్ నాకంటే ఏడేళ్ళు చిన్నది, మాట కరుకు. మొదటి నెలలో నాచేత ఒక ఎనిమిదేళ్ళ పిల్లతో మాట్లాడించి, వెనక కూర్చుని వింది. అయ్యాక అందరి ముందూ అంది: "మీరు అడిగిన ప్రశ్నలన్నింటికీ జవాబులు మీకు ముందే తెలుసు. అది టీచర్ల అలవాటు. ఆ పాప మీతో మాట్లాడలేదు, మీకు పరీక్ష రాసింది."

ఆ రోజు బండిలో ఏడ్చాను. ఆ మాట మాత్రం ఈ వృత్తిలో నేను విన్న అన్నింటికంటే పనికొచ్చింది. జవాబు తెలియని ప్రశ్న అడగాలంటే భయం వేస్తుంది, ఎందుకంటే ఏం వస్తుందో తెలియదు. భయం వెయ్యకుండా అడిగిన ప్రశ్న పిల్లల దగ్గర చాలావరకు పనికిరాదు.

రెండో సెమిస్టరులో ఒక పాఠం. కొందరు పిల్లలు ఆందోళన పట్టలేక తమ వెంట్రుకలు తామే పీక్కుంటారని, అది తెలియకుండానే జరిగిపోతుంటుందని, సిగ్గుతో దాచుకుంటారని ప్రొఫెసర్ చెబుతోంది. నేను రాసుకుంటున్నాను. "వీళ్ళలో కొందరు పీకిన వెంట్రుకలు మింగుతారు. అవి అరగవు. కడుపులో ఉండలు కడతాయి. తిన్నది నిలవదు, వాంతులు. సమయానికి ఆపరేషన్ చెయ్యకపోతే ప్రాణం మీదికి రావచ్చు."

నా పెన్ను ఆగిపోయింది. ఏం తిన్నా కక్కేస్తా ఉండాది. బతికుంటే గదా మేడమ్ రాసేది. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. వాళ్ళమ్మ బిడ్డ తలలో బోడి మచ్చలు చూసి, నలుగురూ ఏమనుకుంటారో అని గుండు కొట్టించి మొక్కు అని చెప్పింది. మా ఊళ్ళో గుండును మించిన దాపరికం లేదు. ప్రసాదం అడిగి ఆ దాపరికానికి తలుపు మూసింది నేను.

హేమ ఇంటి నంబరు నా పాత డైరీలో ఉంది. ఆ సాయంత్రం తీశాను. ఫోన్ చెయ్యలేదు. "ఆ పిల్ల లేదు మేడమ్" అని అవతల నుంచి వినిపిస్తే నేనేం చేస్తాను? ఆ మర్నాడూ చెయ్యలేదు, ఆ సంవత్సరమూ చెయ్యలేదు. బజారు వీధికి వెళ్ళడం మానేశాను. గాజులు కావలసివస్తే తిరుచానూరులో కొనుక్కునేదాన్ని.

రెండో తప్పు

తప్పు తెలిసినవాళ్ళు దాన్ని దిద్దుకోబోయి రెండోవైపు పడతారు. ప్రాక్టికల్స్‌కు మమ్మల్ని ఒక ఆసుపత్రిలో పిల్లల విభాగానికి పంపారు. కార్వేటినగరం వైపు నుంచి ఒక రైతు, నిద్రలో ఉలిక్కిపడుతున్నాడని తొమ్మిదేళ్ళ కొడుకును తీసుకొచ్చాడు. వాడికి గుండు. నాకు ఇంకేమీ కనిపించలేదు. జుట్టు పీక్కుంటాడా, నోట్లో పెట్టుకుంటాడా, ఎన్నాళ్ళ నుంచి దాస్తున్నారు అని వరసగా అడిగేశాను.

ఆయన లేచి నిలబడ్డాడు. "ఏమ్మా, ఏడుకొండలవాడికి ఇచ్చిన తలనీలాలు. నా బిడ్డకి పిచ్చి అంటావా?" అన్నాడు. పిల్లవాడి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు. వాడు మళ్ళీ రాలేదు. నిజంగా మొక్కే. వాడి నిద్రలో ఏముందో ఎవరికీ తెలియకుండా పోయింది. ఒక పిల్లను అడక్క పోగొట్టుకున్నాను, ఇంకొకణ్ణి అడిగి పోగొట్టుకున్నాను.

ఆ తర్వాత నేర్చుకున్నాను. గుండుతో వచ్చిన పిల్లలను గుండు సంగతి అడగను. "కొండ మీద ఏం చూశావు?" అంటాను. నిజంగా వెళ్ళొచ్చిన పిల్లలు ఆగరు. బస్సు మలుపుల్లో వాంతి అయిందని, కోతి అరటిపండు లాక్కుందని, నెత్తి మీద నీళ్ళు పోస్తే చలి పుట్టిందని చెబుతూనే ఉంటారు. వెళ్ళని పిల్లలు అమ్మ ముఖం వైపు చూస్తారు. అప్పుడు అమ్మను కాసేపు బయట కూర్చోమంటాను. నగరిలో మరమగ్గాల వాళ్ళ పాప ఒకతి అలాగే దొరికింది, సమయానికి దొరికింది. ఆ పాప డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజు నాకు సంతోషం వెయ్యలేదు. హేమ గుర్తొచ్చింది.

ఉద్యోగం

చదువయ్యాక తిరుపతిలోనే పిల్లల సలహా కేంద్రంలో చేరాను. ఉద్యోగం గురించి దాచకుండా చెబుతాను. సగం పిల్లలకు జబ్బు లేదు, ఇంట్లోనో బడిలోనో భయం ఉంది. ర్యాంకుల కోసం ఉదయం అయిదింటికి లేపి కూర్చోబెట్టే కాలేజీలు పిల్లలను మా దగ్గరికి పంపి, "రోంత సదివేటట్ల సెయ్యండి" అని అడుగుతాయి. నిద్రపోనివ్వండి అని రాసి పంపేదాన్ని. తిట్టుకునేవాళ్ళు. పరీక్షా ఫలితాలు వచ్చే రోజు ఫోను పక్కనే కూర్చునేదాన్ని, మోగితే ఏ పిల్ల ఏం చేసుకుందోనని. ఇది అలవాటైపోతుందని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. అలవాటైనవాళ్ళు ఈ పని మానుకోవడం మంచిది.

పదకొండేళ్ళు తల్లిదండ్రులకు, టీచర్లకు ఒకటే చెప్పాను: అనుమానం వస్తే అడగండి, ఏం వినాల్సి వస్తుందోనని వెనక్కి తగ్గకండి. నేను మాత్రం ఒక్క ఫోను చెయ్యలేకపోయాను. ఇది చదివేవాళ్ళకు నా మీద గౌరవం తగ్గితే తగ్గనివ్వండి.

గేటు దాకా

రిటైరవడానికి నెల ముందు, ఒక మంగళవారం పొద్దున తలుపు తోసుకుని ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. పక్కన ఎనిమిదేళ్ళ పాప, నెత్తిమీద ఒక పక్కకు పెద్ద క్లిప్పు. "రా అమ్మా, కూర్చో" అన్నాను. ఆమె కూర్చోలేదు. చేతులు కట్టుకుని నిలబడింది, క్లాసులో నిలబడినట్టు. తర్వాత ఒక చెయ్యి మెల్లగా చెవి వెనక్కి, జుట్టులోకి వెళ్ళింది.

ఆ చెయ్యిని చూసి గుర్తుపట్టాను. "హేమా" అన్నాను.

"అవును మేడమ్."

బతికే ఉంది. పదిహేనేళ్ళు నేను మోసిన భయం ఒక్కసారిగా దిగిపోతుందనుకున్నాను. దిగలేదు. ఆమె నన్ను చూసి అర అడుగు వెనక్కి వేసింది.

"రెండు తూర్లు గేటు దాకా వచ్చినాను మేడమ్. బోర్డు మీద మీ పేరు సూసి ఎనక్కి పోయినాను. ఇంగెవరన్నా ఉండారా అని అడిగితే ఈడ పిల్లోళ్ళకి మీరే అన్నారు. బిడ్డ కోసరం వచ్చినాను." పాప క్లిప్పు తీసింది. కింద రూపాయి బిళ్ళంత బోడి. "మా యమ్మ గుండు కొట్టించు, మొక్కనుకుంటారు అనింది. నేను వద్దన్నాను. నాకు కొట్టించింది సాలు అన్నాను."

"మింగుతుందా?" అని అడిగాను.

"లేదు. నేనే అడిగి తెలుసుకున్నాను. మింగింది నేను. స్కూలు మానినాక వేలూరు ఆసుపత్రికి తీసుకపోయి కడుపు కోసి తీసినారు."

నేను అడిగి ఉండాల్సింది అన్నాను. తప్పు నాది అన్నాను. ఆమె వినీ విననట్టు కిటికీ వైపు చూసింది. "మీరు అడగతారేమోనని రోజూ బయపడినాను మేడమ్. అడగలేదే అని ఇంటికి పోయి ఏడ్చినాను. రెండూ నిజమే" అంది.

పాప నన్నే చూస్తోంది. "లెక్కల మేడమ్ నువ్వేనా? మా యమ్మకి నువ్వంటే బయం" అంది.

"నాకూ మీ అమ్మంటే భయమేనమ్మా" అన్నాను. పాప నమ్మలేదు. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

పెన్ను, కాగితాలు పట్టుకుని బల్ల అవతల నుంచి లేచి, కుర్చీ తెచ్చి పాప పక్కన వేసుకున్నాను. హేమ కూడా మెల్లగా కూర్చుంది. చెయ్యి ఇంకా జుట్టులోనే ఉంది. నా అరచేతులు తడిసిపోయాయి, ఈసారి తుడుచుకోలేదు.

"పాపా, నీ చెయ్యి తల మీదికి పోయే ముందు నీకు ఎట్లా ఉంటుంది? నాకు తెలీదు, తెలుసుకుందామని అడుగుతున్నాను."

పాప వాళ్ళమ్మ వైపు చూసింది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. జవాబు పాప దగ్గర నుంచి రాలేదు.

"మీరు రిజిస్టరు తెరిసినప్పుడు మొదలయ్యేది మేడమ్" అంది హేమ. "కండ్లు మూసుకొని వేలు పెడతారే, అప్పుడు."

పెన్ను బల్ల మీద పెట్టేసి, ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా విన్నాను.